సూడాన్ యుద్ధం: తరచుగా అడిగే ప్రశ్నలు

సూడాన్ గురించి నాలుగు మాటలు రాసినా, ఎక్కడైనా మాట్లాడినా తిరిగి వచ్చే సందేహాలు ఇంచుమించు ఇవే. గ్రూప్స్‌కు చదువుకునేవారు అడుగుతారు, విదేశీ వార్తల పేజీ వదలకుండా చదివే పెద్దలూ అడుగుతారు. ప్రతిసారీ మొదటి నుంచి చెప్పే బదులు ఒకచోట కూర్చి పెడుతున్నాను. వరసగా చదవనవసరం లేదు. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా అర్థమయ్యేలా రాశాను. అందువల్ల కొన్ని పేర్లు, తేదీలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి. వివరాలు 2025 చివరి వరకు.

## వార్తలు ఇప్పుడిప్పుడే చూస్తున్నవారికి

సూడాన్‌లో అసలు ఎవరు ఎవరితో పోరాడుతున్నారు?

రెండు సైన్యాలు. ఒకటి దేశపు అధికారిక సైన్యం. దాని అధిపతి జనరల్ అబ్దుల్ ఫతాహ్ అల్ బుర్హాన్. రెండోది రాపిడ్ సపోర్ట్ ఫోర్సెస్, పొట్టిగా ఆర్‌ఎస్‌ఎఫ్. దాని నాయకుడు మొహమ్మద్ హమ్దాన్ దగాలో. లోకమంతా ఆయన్ను హెమెద్తి అనే పిలుస్తుంది. 2021 అక్టోబరులో పౌర నాయకులను జైల్లో పెట్టి అధికారం లాక్కున్నది ఈ ఇద్దరే, అదీ కలిసికట్టుగా. పాలక మండలికి బుర్హాన్ అధ్యక్షుడు, హెమెద్తి ఉపాధ్యక్షుడు. ఏడాదిన్నర తిరిగేసరికి, 2023 ఏప్రిల్ 15న, రంజాన్ మాసం చివరి రోజుల్లో, రాజధాని ఖార్టూమ్ నడిబొడ్డున ఒకరి మీద ఒకరు తుపాకులు ఎక్కుపెట్టారు. ఒక పక్క ప్రభుత్వం, మరో పక్క తిరుగుబాటుదారులు అనే మామూలు లెక్క ఇక్కడ కుదరదు. యుద్ధం మొదలైన రోజున ఆ రెండు సైన్యాలూ చట్టం ప్రకారం ప్రభుత్వానివే.

ఇది తెగల గొడవే కదా? అరబ్బులకూ ఆఫ్రికన్లకూ పడదని విన్నాను.

పశ్చిమాన ఉన్న దార్ఫుర్ ప్రాంతంలో ఒంటెలు, పశువులు మేపుకునేవారికీ సేద్యం చేసుకునేవారికీ నీళ్ల దగ్గర, బీళ్ల దగ్గర తగాదాలు పాతవే. తరతరాలుగా పెద్దమనుషులు కూర్చుని తీర్చేవారు కూడా. అలాంటి తగాదా ఊళ్లకు ఊళ్లు తగలబెట్టేదాకా పోవాలంటే ఎవరో తుపాకులు ఇవ్వాలి, విమానాలతో అండగా నిలవాలి, శిక్ష పడదని భరోసా ఇవ్వాలి. 2003లో అప్పటి అధ్యక్షుడు ఒమర్ అల్ బషీర్ ప్రభుత్వం ఆ మూడు పనులూ చేసింది. 2023లో అల్ జెనీనా పట్టణంలో మసాలిత్ తెగవారిని ఏరి చంపినప్పుడు కూడా దాడి చేసినవారి చేతుల్లో ఉన్నవి పశువుల కాపరుల బరిసెలు కావు. తెగ పేరు పిలిచి చంపుతున్నారన్నది నిజం. తెగల మధ్య పగ వల్లే యుద్ధం పుట్టిందన్నది నిజం కాదు.

మత యుద్ధమా?

కాదు. ఇద్దరు సేనానులూ సున్నీ ముస్లింలే, వారి సైనికుల్లో అత్యధికులూ అంతే. బషీర్ కాలం నాటి ఇస్లామిక్ వర్గాలు ఇప్పుడు సైన్యం పక్షాన పోరాడుతున్నాయి. వాటి లక్ష్యం పోయిన అధికారం తిరిగి సంపాదించుకోవడం.

సూడాన్, దక్షిణ సూడాన్ ఒకటేనా?

2011 జులై 9 వరకు ఒకటే. ఆ ఏడాది జనవరిలో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 99 శాతం మంది విడిపోవాలని ఓటు వేయడంతో దక్షిణం వేరే దేశమైంది. రాజధాని జూబా. చమురు బావుల్లో సుమారు నాలుగింట మూడొంతులు దక్షిణానికి పోయాయి. ఆ చమురును ఎగుమతి చేసే గొట్టపు మార్గం, ఓడరేవు మాత్రం ఉత్తరాన ఉండిపోయాయి. ఈ పేజీలో సూడాన్ అంటే ఖార్టూమ్ రాజధానిగా ఉన్న ఉత్తర దేశం.

## యుద్ధం దాకా వచ్చిన దారి

ఒకే దేశంలో రెండు సైన్యాలు ఎలా తయారయ్యాయి?

పాలకుడి భయం వల్ల, పిసినారితనం వల్ల. సూడాన్‌లో 1958, 1969, 1989లలో సైనిక కుట్రలు అధికారం మార్చాయి. చివరి కుట్రతో గద్దె ఎక్కిన బషీర్‌కు సైన్యం అంటే ఎప్పుడూ అనుమానమే. 2003లో దార్ఫుర్‌లో తిరుగుబాటు రాగానే తన సైన్యాన్ని పూర్తిగా నమ్మలేకపోయాడు. అందులోని సిపాయిల్లో చాలామంది దార్ఫుర్ వాళ్లే. అందుకే ఒంటెలు, గుర్రాల మీద తిరిగే స్థానిక ముఠాలకు ఆయుధాలిచ్చి ఊళ్ల మీదికి వదిలాడు. వాటినే జంజవీద్ అన్నారు. జీతాల బదులు దోపిడీ సొమ్ము. ఖజానాకు ఖర్చు లేని యుద్ధం.

ఆ ముఠాల్లో ఒకదాని నాయకుడు హెమెద్తి, ఒకప్పుడు ఒంటెల వ్యాపారి. 2013లో ఈ బలగాలను ఆర్‌ఎస్‌ఎఫ్ పేరుతో ఒక గొడుగు కిందికి తెచ్చారు. 2017లో పార్లమెంటు చట్టం చేసి దానికి అధికారిక హోదా ఇచ్చింది. అదే ఏడాది ఉత్తర దార్ఫుర్‌లోని జబల్ ఆమిర్ బంగారు గనులు హెమెద్తి చేతికి చిక్కాయి. యెమెన్ యుద్ధానికి మనుషులను పంపినందుకు గల్ఫ్ నుంచి డబ్బూ వచ్చింది. సొంత ఆదాయం, సొంత సిపాయిలు, సొంత విదేశీ స్నేహితులు ఉన్నాక ఇక ఎవరి మాట వినాలి? బషీర్ తన రక్షణ కోసం పెంచుకున్న ఆ బలగమే 2019లో ఆయన్ను దించడంలో చేయి కలిపింది.

సైన్యానికి వ్యాపారాలేమిటి? విచిత్రంగా ఉందే.

సూడాన్‌ను అర్థం చేసుకోవడానికి ఒక్క విషయమే తెలుసుకునే ఓపిక ఉంటే, ఇదే తెలుసుకోమంటాను. అక్కడి సైన్యానికి డిఫెన్స్ ఇండస్ట్రీస్ సిస్టమ్ అనే పెద్ద సంస్థల సముదాయం ఉంది. ఆయుధాల తయారీతో ఆగదు. మాంసం ఎగుమతి, పిండి మిల్లులు, వ్యవసాయం, గనులు, రవాణా వంటి వ్యాపారాలు సైన్యం, భద్రతా విభాగాల చేతుల్లో ఉన్నాయి. ఆర్‌ఎస్‌ఎఫ్‌కు అల్ జునైద్ అనే కుటుంబ సంస్థ, దాని బంగారం. ఈ ఆదాయం ఆర్థిక మంత్రి ముందుకు రాదు, ఆడిటుకు రాదు. ప్రభుత్వ రంగ వనరుల్లో 80 శాతం ఆర్థిక శాఖ అదుపులో లేవని 2020 డిసెంబరులో అప్పటి ప్రధాని అబ్దల్లా హమ్‌దోక్ బహిరంగంగానే చెప్పారు.

దీని పర్యవసానం ఆలోచించండి. బడ్జెట్ కోసం పార్లమెంటు గడప తొక్కనవసరం లేని సైన్యానికి పౌర ప్రభుత్వం అంటే లెక్కలు అడిగే చికాకు. ఇచ్చేది ఏమీ లేదు, అడిగేది మాత్రం చాలా ఉంది. 2021 కుట్రకు ముందు సైనిక కంపెనీలను ఆర్థిక శాఖ కిందికి తేవాలన్న చర్చ జోరుగా నడిచింది. కుట్రకు అదొక్కటే కారణమని అనను. కానీ ఆ చర్చ లేకపోతే జనరళ్లకు అంత తొందర ఉండేది కాదు.

2019లో ప్రజలు గెలిచారు కదా? మళ్లీ సైన్యం చేతికి ఎలా పోయింది?

2018 డిసెంబరులో ప్రభుత్వం రొట్టె ధరను ఒక పౌండు నుంచి మూడు పౌండ్లకు పోనిచ్చింది. రైల్వే కార్మికుల పట్టణమైన అత్బారాలో మొదట జనం వీధుల్లోకి వచ్చారు. డాక్టర్లు, ఉపాధ్యాయులు, ఇంజనీర్ల సంఘాలు దాన్ని దేశమంతా నడిపించాయి. ప్రతి పేటలోనూ ప్రతిఘటన కమిటీలు పుట్టాయి. 2019 ఏప్రిల్ 6న ఖార్టూమ్‌లో సైనిక ప్రధాన కార్యాలయం ముందు లక్షల మంది బైఠాయించారు. ఏప్రిల్ 11న బషీర్‌ను సైన్యమే దించింది.

దించాక సైన్యం గద్దె మీద నుంచి కదలలేదు. జూన్ 3న అదే బైఠాయింపు మీద విరుచుకుపడి వంద మందికి పైగా చంపారు. కొన్ని శవాలు నైలు నదిలో తేలాయి. దాని తర్వాత కుదిరిన ఒప్పందమే ఆగస్టు నాటి అధికార పంపకం: పదకొండు మంది పాలక మండలి, 39 నెలల మధ్యంతర కాలం, అందులో మొదటి 21 నెలలు సైనికుడి అధ్యక్షత, తర్వాత పౌరుడిది. రక్తం ఆరకముందే హంతకులతో సంతకం చేయడం సరైనదా కాదా అని సూడానీలు ఇప్పటికీ వాదించుకుంటారు. తర్వాత ఒక శాంతి ఒప్పందం వల్ల గడువు కొంత జరిగింది. సైన్యం కుర్చీ వదలాల్సిన సమయం దగ్గర పడుతుండగా, 2021 అక్టోబరు 25 తెల్లవారుజామున ప్రధాని హమ్‌దోక్‌ను ఆయన ఇంటి నుంచే పట్టుకెళ్లారు.

హమ్‌దోక్ పెద్ద ఆర్థికవేత్త అంటారు. మరి ధరలు ఎందుకు అదుపు చేయలేకపోయారు?

విదేశీ అప్పు 5,000 కోట్ల డాలర్లు దాటి ఉంది. ఉగ్రవాదానికి ఊతమిచ్చే దేశాల అమెరికా జాబితాలో పేరు ఉన్నంతకాలం ఎవరూ కొత్తగా అప్పివ్వరు. ఆ జాబితా నుంచి బయటపడటానికి బాధితుల పరిహారం కింద 33.5 కోట్ల డాలర్లు కట్టి, 2020 డిసెంబరు దాకా ఆగాల్సి వచ్చింది. అప్పుల మాఫీ కోసం ఇంధన సబ్సిడీలు ఎత్తేశారు, కరెన్సీ విలువ తగ్గించారు. 2021 మధ్యలో ద్రవ్యోల్బణం 400 శాతం దాటింది. పేదలకు ఊరటగా మనిషికి నెలకు 5 డాలర్ల నగదు పథకం పెట్టారు గానీ, భారం ముందు వచ్చింది, డబ్బు ఆలస్యంగా వచ్చింది.

నా దృష్టిలో అప్పిచ్చినవాళ్ల తప్పు ఇక్కడ పెద్దది. రెండు ఖజానాలున్న దేశంలో ఖాళీ ఖజానా ఉన్నవాడినే పొదుపు చేయమన్నారు. నిండు ఖజానా ఉన్న జనరళ్లను అంత గట్టిగా ఎవరూ అడగలేదు.

శాంతి ఒప్పందం కుదరబోతుండగా 2023లో మంట ఎక్కడ అంటుకుంది?

2022 డిసెంబరు 5న పౌర పక్షాలు, సైన్యం, ఆర్‌ఎస్‌ఎఫ్ కలిసి ఒక ముసాయిదా ఒప్పందం మీద సంతకాలు చేశాయి. ఆర్‌ఎస్‌ఎఫ్‌ను సైన్యంలో విలీనం చేయాలి. ఎన్నాళ్లలో? రెండేళ్లలో అన్నది సైన్యం, పదేళ్లు కావాలన్నది ఆర్‌ఎస్‌ఎఫ్. విలీనమయ్యే లోపు హెమెద్తి బుర్హాన్‌కు లోబడాలా, పౌర అధినేతకు లోబడాలా అన్నది మరో చిక్కు. గడువు తేదీలు వాయిదా పడుతూ పోయాయి, రెండు వైపులా బలగాలు రాజధానికి చేరాయి. ఏప్రిల్ రెండో వారంలో ఉత్తరాన మెరోవె వైమానిక స్థావరం దగ్గర ఆర్‌ఎస్‌ఎఫ్ మోహరించింది. మొదటి తూటా ఎవరిదన్న వాదన నేటికీ తెగలేదు. మధ్యవర్తులకు ఇందులో ఒక పాఠం ఉంది: తుపాకులున్న ఇద్దరిని విలీనం తేదీ మీద పట్టుబట్టి ఒక మూలకు నెట్టేముందు, వారిని విడదీసి ఉంచే ఏర్పాటు ఏదైనా ఉందా అని చూసుకోవాలి. అప్పుడు అదేదీ లేదు.

అంతా బ్రిటిష్ వాళ్ల పాపమే అనవచ్చా?

కొంతవరకు. 1899 నుంచి 1956 వరకు బ్రిటన్, ఈజిప్టు ఉమ్మడి పేరుతో సాగిన పాలనలో రైళ్లు, బడులు, కాలువలు నైలు తీరం చుట్టూనే వచ్చాయి. దక్షిణాన్ని వేరుచేసి మూసి పెట్టారు, దార్ఫుర్‌ను పట్టించుకోలేదు. 1956 జనవరి 1న స్వతంత్రం వచ్చాక ఖార్టూమ్ పెద్దలు ఆ అసమానతను సరిచేయకపోగా, వారసత్వంగా వచ్చిన ఆస్తిలా అనుభవించారు. తెల్లవాడు వేసిన ముడిని విప్పడానికి దాదాపు 70 ఏళ్లు దొరికాయి. కాబట్టి నింద పంచుకోవాల్సిందే.

## యుద్ధం నడుస్తున్న తీరు

ఇప్పుడు ఏ ప్రాంతం ఎవరి చేతిలో ఉంది?

స్థూలంగా తూర్పు, ఉత్తరం, నైలు మధ్యభాగం సైన్యానివి. పశ్చిమాన దార్ఫుర్ దాదాపు అంతా ఆర్‌ఎస్‌ఎఫ్‌ది. యుద్ధం మొదటి ఏడాదిలో ఖార్టూమ్‌లో ఎక్కువ భాగం ఆర్‌ఎస్‌ఎఫ్ పట్టులోకి పోవడంతో ప్రభుత్వం ఎర్ర సముద్రం ఒడ్డున పోర్ట్ సూడాన్‌కు మారింది. 2025 మార్చిలో సైన్యం అధ్యక్ష భవనాన్ని, రాజధానిని తిరిగి పట్టుకుంది. అదే ఏడాది అక్టోబరు 26న దార్ఫుర్‌లో సైన్యానికి మిగిలిన చివరి పెద్ద నగరం అల్ ఫాషర్ పడిపోయింది. ప్రస్తుతం పోరు మధ్యనున్న కోర్డోఫాన్‌లో సాగుతోంది. 2025 డిసెంబరులో అక్కడి హెగ్లిగ్ చమురు క్షేత్రాన్ని ఆర్‌ఎస్‌ఎఫ్ పట్టుకుంది. న్యాలా నగరం నుంచి అది సమాంతర ప్రభుత్వం కూడా నడుపుతోంది. ఏ దేశమూ దాన్ని గుర్తించలేదు.

ఇంత పేద దేశంలో ఇన్నేళ్ల యుద్ధానికి డబ్బెక్కడిది?

బంగారం. దక్షిణంతో పాటు చమురు పోయాక సూడాన్‌కు ప్రధాన ఎగుమతి అదే. ఎక్కువ భాగం చిన్న చిన్న గోతుల్లో తవ్వేదే కాబట్టి లెక్కకు రాకుండా సరిహద్దు దాటుతుంది. చాలావరకు చేరేది దుబాయ్ మార్కెట్‌కు. రెండు పక్షాలూ బంగారం మీదే ఆధారపడ్డాయి. ఇక ఆయుధాల సంగతి: సంయుక్త అరబ్ ఎమిరేట్స్ చాడ్ మీదుగా ఆర్‌ఎస్‌ఎఫ్‌కు ఆయుధాలు పంపుతోందన్న ఆరోపణలు నమ్మదగినవేనని ఐక్యరాజ్యసమితి నిపుణుల బృందం 2024 జనవరిలో చెప్పింది. ఎమిరేట్స్ ఖండిస్తూనే ఉంది. సైన్యానికి ఈజిప్టు అండ ఉంది, ఇరాన్, తుర్కియే డ్రోన్లూ వచ్చాయి. భద్రతా మండలి ఆయుధ నిషేధం మాత్రం ఇప్పటికీ దార్ఫుర్‌కే పరిమితం. దేశం మొత్తానికి పొడిగించాలన్న మాట ఎత్తినప్పుడల్లా ఎవరో ఒకరి ప్రయోజనం అడ్డొస్తుంది.

దీన్ని జాతి సంహారం అనవచ్చా? అందరూ ఆ మాట వాడుతున్నారు.

ఆర్‌ఎస్‌ఎఫ్ జాతి సంహారానికి పాల్పడిందని 2025 జనవరిలో అమెరికా ప్రభుత్వం అధికారికంగా తేల్చి హెమెద్తి మీద ఆంక్షలు పెట్టింది. కొద్ది రోజులకే బుర్హాన్ మీదా ఆంక్షలు వచ్చాయి, జనావాసాలపై దాడుల వంటి వేరే కారణాలకు. 2023లో ఒక్క అల్ జెనీనాలోనే 10,000 నుంచి 15,000 మంది వరకు చనిపోయి ఉంటారని ఐక్యరాజ్యసమితి నిపుణుల అంచనా. అల్ ఫాషర్ పడిపోయిన రోజుల్లో అక్కడి ప్రసూతి ఆసుపత్రిలో రోగులు, వారి వెంట ఉన్నవారు కలిపి 460 మందికి పైగా హతమయ్యారన్న సమాచారం మీద ప్రపంచ ఆరోగ్య సంస్థ దిగ్భ్రాంతి తెలిపింది. న్యాయస్థానం తీర్పు వేరే విషయం. ఎమిరేట్స్ మీద సూడాన్ వేసిన కేసును అంతర్జాతీయ న్యాయస్థానం 2025 మేలో విచారణ పరిధి లేదన్న కారణంతో కొట్టేసింది. నేరం జరిగిందా లేదా అన్న దానిలోకి అది వెళ్లనే లేదు.

నైలు నది పారే దేశంలో కరువేమిటి? వానలు లేవా?

వానల కరువు కాదు, ముట్టడి కరువు. రెండు నైలు పాయల మధ్య గెజీరా అని ప్రపంచంలోనే పెద్ద సాగునీటి పథకాల్లో ఒకటుంది. 1925లో సెన్నార్ ఆనకట్టతో మొదలైంది. 2023 డిసెంబరులో ఆర్‌ఎస్‌ఎఫ్ అక్కడి ముఖ్య పట్టణం వాద్ మదనిని పట్టుకుంది. ట్రాక్టర్లు, విత్తనాలు, గోదాముల్లో ధాన్యం ఎత్తుకుపోయారు, కాలువలు పూడిపోయాయి. ఏడాది తర్వాత సైన్యం పట్టణాన్ని తిరిగి తీసుకున్నా పోయిన పంట రాదు కదా.

దార్ఫుర్ పరిస్థితి ఇంకా ఘోరం. అల్ ఫాషర్ పక్కన జంజం శరణార్థి శిబిరంలో కరువు నెలకొన్నట్లు 2024 ఆగస్టులో నిర్ధారించారు. ఆ నిర్ధారణకు కొలతలున్నాయి: కనీసం ఐదింట ఒక కుటుంబానికి తిండి పూర్తిగా కరువవ్వాలి, పిల్లల్లో 30 శాతం తీవ్రంగా శుష్కించాలి, రోజుకు పది వేల మందిలో ఇద్దరు చావాలి. అల్ ఫాషర్‌ను సుమారు 18 నెలలు దిగ్బంధించారు. నగరం చుట్టూ మట్టి కట్ట పోశారు. లోపలివాళ్లు చివరికి అంబాజ్ తిన్నారు. అంటే నూనె తీసేశాక మిగిలే వేరుశనగ చెక్క, మనం గేదెల కుడితిలో కలిపేది. కొన్నాళ్లకు అదీ దొరకలేదు.

బయటి నుంచి సాయం పంపుతున్నారు కదా, లోపలికి ఎందుకు చేరదు?

సాయం లోపలికి పోవాలంటే పోర్ట్ సూడాన్ అధికారుల అనుమతి పత్రాలు కావాలి. దారిలో ఆర్‌ఎస్‌ఎఫ్ చెక్‌పోస్టులు దాటాలి. ఒకరు కాగితం ఇవ్వరు, ఇంకొకరు లారీ దోచుకుంటారు. చాడ్ నుంచి దార్ఫుర్‌కు దగ్గరి దారి అద్రె సరిహద్దు. శత్రువుకు ఆయుధాలు వస్తున్నాయంటూ సైన్యం దాన్ని 2024 ఫిబ్రవరిలో మూసేసి, ఆగస్టులో తెరిచింది. ఆయుధాలు ఆగలేదు, జొన్నలు ఆగాయి. పైగా 2025 సాయ ప్రణాళికకు అడిగిన మొత్తంలో సగం కూడా రాలేదు.

మరి అక్కడి జనం ఎలా బతుకుతున్నారు?

చాలాచోట్ల ఒకరి నుంచి ఒకరు. 2019 ఉద్యమంలో పేటపేటకూ ఏర్పడిన ప్రతిఘటన కమిటీల కుర్రవాళ్లే యుద్ధం రాగానే అత్యవసర సహాయ బృందాలుగా మారారు. సామూహిక వంటశాలలు నడుపుతారు. వాటిని తకాయా అంటారు. వీధి మలుపులో పెద్ద డేగిసా, దాంట్లో పప్పో చిక్కుడు గింజలో, గిన్నెలు పట్టుకుని పిల్లల వరస. బ్యాంకులు మూతపడ్డాక డబ్బంతా బంకక్ అనే మొబైల్ యాప్ మీదే నడిచింది. గల్ఫ్‌లోనో ఐరోపాలోనో ఉన్న బంధువు పంపితే ఇక్కడ కిరాణా వ్యాపారి ఖాతాలో పడుతుంది, సరుకు వంటశాలకు వస్తుంది. 2024 ఫిబ్రవరిలో దేశంలో చాలాచోట్ల ఫోన్ నెట్‌వర్క్ పడిపోయినప్పుడు వంటశాలలూ ఆగిపోయాయి. 2025 మొదట్లో అమెరికా సాయం నిలిపివేయగానే వందలాది వంటశాలలు మూతపడ్డాయి. ఆ ఏడాది రైట్ లైవ్లీహుడ్ పురస్కారం ఈ బృందాలకు దక్కింది. పురస్కారం మంచిదే. శాంతి చర్చల్లో కుర్చీ మాత్రం ఇంకా దక్కలేదు.

## ఆపే మార్గాల మీద చర్చ

ఆఫ్రికన్ యూనియన్ ఏం చేస్తోంది?

చట్టపరంగా దానికి గొప్ప అధికారమే ఉంది. జాతి సంహారం, యుద్ధ నేరాలు జరిగితే సభ్య దేశంలో జోక్యం చేసుకోవచ్చని దాని రాజ్యాంగంలోని 4(హెచ్) అధికరణం చెబుతుంది. ఇంతవరకు ఒక్కసారీ వాడలేదు. 2015లో బురుండీకి సేన పంపాలనుకుని, అక్కడి ప్రభుత్వం ఒప్పుకోకపోవడంతో వెనక్కి తగ్గారు. కుట్ర చేసిన దేశాలను సస్పెండ్ చేయడంలో మాత్రం యూనియన్ గట్టిగానే ఉంటుంది. 2021 కుట్ర జరిగిన రెండు రోజులకే సూడాన్‌ను పక్కన పెట్టింది. 2020కల్లా ఖండంలో తుపాకుల మోత ఆపాలన్న లక్ష్యాన్ని 2030కి జరిపారు. డబ్బు కొరత నిజమే, సొంత సేన లేదన్నదీ నిజమే. కానీ పొరుగు దేశాలే చెరో పక్షం పట్టినప్పుడు డబ్బున్నా సేన కదలదు.

ఐక్యరాజ్యసమితి శాంతి సేనను పంపవచ్చు కదా?

ఒకప్పుడు ఉండేది. ఆఫ్రికన్ యూనియన్‌తో ఉమ్మడిగా దార్ఫుర్‌లో నడిపిన యునామిడ్ 2020 డిసెంబరు 31న ముగిసింది. పౌరులను కాపాడే పని జాతీయ బలగాలకు అప్పగించి వెళ్లారు. ఆ జాతీయ బలగాల్లో ఆర్‌ఎస్‌ఎఫ్ కూడా ఒకటి. అంత తొందరపాటు నిర్ణయం ఇటీవలి శాంతి సేనల చరిత్రలో ఇంకొకటి వెతకడం కష్టం. 2024 నవంబరులో కాల్పులు ఆపి పౌరులను కాపాడాలన్న తీర్మానాన్ని బ్రిటన్, సియెర్రా లియోన్ తెస్తే రష్యా వీటో చేసింది.

ఇన్ని చర్చలు జరిగాయి, ఒక్కటీ ఫలించదెందుకు?

2023 మేలో సౌదీ నగరం జెద్దాలో పౌరులను కాపాడతామని ఇద్దరూ సంతకం చేశారు. ఆ వారంలోనే బాంబులు పడ్డాయి. 2024 ఆగస్టులో జెనీవా పిలుపుకు సైన్యం ప్రతినిధులే రాలేదు. 2025 సెప్టెంబరు 12న అమెరికా, సౌదీ, ఈజిప్టు, ఎమిరేట్స్ కలిసి మూడు నెలల విరామం, ఆ తర్వాత తొమ్మిది నెలల్లో పౌర పాలన దిశగా మార్పు అన్న ప్రణాళిక ప్రకటించాయి. మధ్యవర్తుల్లోనే ఇద్దరు యుద్ధంలో చెరో పక్షానికి దగ్గర. పంచాయితీ చెప్పడానికి వచ్చినవారు కక్షిదారుల బంధువులైతే తీర్పు ఎవరికి నచ్చుతుంది? వీళ్లను పక్కన పెట్టి చర్చలు జరపడమూ కుదరదు. తుపాకులకు డబ్బు ఆగాల్సింది వాళ్ల దగ్గరే.

ఆంక్షలు పెడితే దారికి రారా?

1997 నుంచి 2017 వరకు అమెరికా ఆంక్షల కింద సూడాన్ నలిగింది. బ్యాంకు లావాదేవీలు ఆగిపోయి మామూలు వ్యాపారులు దెబ్బతిన్నారు. ఆ లోటులోకి సైనిక కంపెనీలే జొరబడ్డాయి. దేశం మొత్తం మీద పడే ఆంక్షలకు నేను వ్యతిరేకిని. 2023 జూన్‌లో డిఫెన్స్ ఇండస్ట్రీస్ సిస్టమ్, అల్ జునైద్ వంటి సంస్థలను పేరుపెట్టి పట్టుకోవడం సరైన దారే. బంగారం కొనేచోట మూలం అడగకపోతే అదీ కాగితం మీదే ఉంటుంది.

దేశాన్ని రెండు ముక్కలు చేస్తే గొడవ పోదా?

2011లో ఒకసారి చేశారు. దక్షిణ సూడాన్ పుట్టిన రెండున్నరేళ్లకే, 2013 డిసెంబరులో, అక్కడ అంతర్యుద్ధం మొదలైంది. 2018లో రాజీ కుదిరినా ఎన్నికలు వాయిదా పడుతూనే ఉన్నాయి. సరిహద్దులోని అబ్యెయి ఎవరిదో ఇంకా తేలలేదు. పైగా ఈసారి విడిపోతామని ప్రజలు అడగడం లేదు. గీత గీస్తే దార్ఫుర్‌లోని బాధితులు తమ హంతకుల దేశంలో పౌరులవుతారు.

నేరం చేసినవాళ్లకు ఎప్పటికైనా శిక్ష పడుతుందా?

ఒకరికి పడింది. 2003–04 నాటి దార్ఫుర్ నేరాలకు జంజవీద్ నాయకుడు అలీ కుషైబ్‌ను అంతర్జాతీయ నేర న్యాయస్థానం 2025 అక్టోబరులో 27 అభియోగాల మీద దోషిగా తేల్చింది. ఇరవై ఏళ్లకు పైగా పట్టింది. బషీర్ మీద 2009లో ఇచ్చిన వారెంటు నేటికీ అమలు కాలేదు.

సరే, మీ ఉద్దేశంలో ముందు చేయాల్సినదేమిటి?

ఎన్నికల తేదీ కంటే ముందు ఖజానా సంగతి తేలాలి. ఏ ఒప్పందంలోనైనా సైనిక కంపెనీల జాబితా, వాటి ఆదాయం ఆర్థిక శాఖకు చేరే గడువు, బంగారం ఎగుమతికి ఒకే ద్వారం, వీటిని తనిఖీ చేసేవారి పేరు రాసి ఉండాలి. అవి లేని ఒప్పందం 2019 నాటిదే అవుతుంది. రెండోది, చర్చల బల్ల దగ్గర తుపాకీ లేనివారికి చోటు. 2020లో జూబాలో జరిగిన శాంతి ఒప్పందం సాయుధ ముఠాల నాయకులకు మంత్రి పదవులు పంచింది. ఆ నాయకుల్లో కొందరు ఏడాది తిరిగేసరికి కుట్రకు వంతపాడారు. తుపాకీ పట్టినవాడికే కుర్చీ అని దేశమంతా అర్థం చేసుకుంది. ఇది చాలా ఏళ్ల పని అనీ, జనరళ్లు ఇష్టపడి చేయరనీ నాకు తెలుసు. కాల్పుల విరమణ దీనికోసం ఆగనవసరం లేదు, అది ఇవాళే కావాలి.

## మన వైపు నుంచి

భారతదేశానికి సూడాన్‌తో ఏం సంబంధం?

చాలామంది అనుకునేదానికన్నా ఎక్కువే. 1953లో సూడాన్ తొలి పార్లమెంటు ఎన్నికలు నడిపించిన సంఘానికి అధ్యక్షుడు మన మొదటి ప్రధాన ఎన్నికల కమిషనర్ సుకుమార్ సేన్. పుణె దగ్గర జాతీయ రక్షణ అకాడమీ ప్రధాన భవనం పేరు సూడాన్ బ్లాక్. రెండో ప్రపంచ యుద్ధంలో తూర్పు ఆఫ్రికాలో పోరాడిన భారత సైనికుల జ్ఞాపకార్థం సూడాన్ ఇచ్చిన కానుక దాని నిర్మాణానికి తోడ్పడింది. 2003లో ఓఎన్‌జీసీ విదేశ్ అక్కడి చమురు సంస్థలో 25 శాతం వాటా కొన్నది. ఇటీవల చేతులు మారిన హెగ్లిగ్ ఆ క్షేత్రాల్లోదే.

ఆపరేషన్ కావేరిలో మనవాళ్లు ఎలా బయటపడ్డారు?

2023 ఏప్రిల్ 24న మొదలై మే 5న ముగిసిన ఆ కార్యక్రమంలో 3,862 మందిని తెచ్చారు. వారిలో తెలుగువారూ ఉన్నారు. ఖార్టూమ్ నుంచి సుమారు 850 కిలోమీటర్లు బస్సుల్లో పోర్ట్ సూడాన్‌కు, అక్కడి నుంచి నౌకా దళం ఓడల్లో, వాయుసేన విమానాల్లో జెద్దాకు, జెద్దా నుంచి స్వదేశానికి. బస్సులకు డీజిల్ దొరకడమే పెద్ద పరీక్ష. రాజధాని సమీపాన వాదీ సయ్యిద్నా స్థావరంలో దీపాలు లేని చిన్న రన్‌వే మీద వాయుసేన పైలట్లు రాత్రిపూట నైట్ విజన్ కళ్లద్దాలతో విమానం దించి 121 మందిని ఎక్కించుకున్నారు.

మనం తాగే కూల్‌డ్రింకుల్లో సూడాన్ బంక ఉంటుందంటారు, నిజమేనా?

చాలావాటిలో ఉంటుంది. గమ్ అరబిక్ అనే ఆ బంక మన తుమ్మ బంక కుటుంబంలోదే. కోర్డోఫాన్, దార్ఫుర్‌లలో హషాబ్ చెట్ల బెరడు గీసి తీస్తారు. పానీయాల్లో రుచి, రంగు నీటిలో సమంగా కలిసి ఉండటానికి, మిఠాయిలకు, మందు బిళ్లలకు వాడతారు. ప్రపంచ సరఫరాలో అత్యధిక భాగం సూడాన్‌దే. 1997 ఆంక్షల్లో కూడా అమెరికా దీనికి మినహాయింపు ఇచ్చిందంటే ఎంత అవసరమో ఊహించుకోండి. ఇప్పుడు బంక పండే నేలలో పెద్ద భాగం యుద్ధరంగం. లారీకి ఇంత అని సాయుధులు వసూలు చేస్తున్నారు, సరుకు పొరుగు దేశాల మీదుగా వేరే పేరుతో బయటికి పోతోంది. కొనే కంపెనీలు మూలం చూపించే పత్రాలు అడుగుతున్నామంటున్నాయి. చెట్టు గీసే రైతుకు మాత్రం ధర పెరిగినా పడినా చేతికి వచ్చేది అతి తక్కువ, ఎందుకంటే సంతకు పోయే దారిలోనే చెక్‌పోస్టులున్నాయి.